తప్పు యూజర్‌దేనా? వెబ్ ఫారాలు, ఎర్రర్ మెసేజ్‌ల సంగతి

బ్యాంకులో డబ్బు కట్టడానికి వెళ్ళి, పే-ఇన్ స్లిప్ నింపిన రోజులు మనలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. తేదీ వెయ్యడం మర్చిపోతే కౌంటర్‌లో గుమాస్తా "తేదీ వెయ్యలేదు" అని చెప్పి స్లిప్ వెనక్కి జరిపేవాడు. అంకెల్లో ఒక మొత్తం, అక్షరాల్లో ఇంకో మొత్తం రాస్తే "ఇందులో ఏది కరెక్టు?" అని అడిగేవాడు. ఇంటిపేరు ముందు రాసినా, వెనక రాసినా అర్థం చేసుకునేవాడు. ఒక్కోసారి విసుక్కునేవాడేమో గానీ, నింపిన కాగితం చింపేసి "మళ్ళీ మొదట్నించీ రాయండి, ఏం తప్పో నేను చెప్పను" అనేవాడు మాత్రం కాదు.

వెబ్ ఫారం వచ్చాక ఆ గుమాస్తా లేడు. ఆయన చేసే పనంతా ఇప్పుడు మనం రాసే వాలిడేషన్ కోడ్ చెయ్యాలి. కానీ ప్రాజెక్టులో దానికిచ్చే సమయం ఎంత? డేటాబేస్‌లోకి చెత్త వెళ్ళకుండా నాలుగు రూల్స్ రాసి, ఒక్కోదానికి ఒక ఎర్ర అక్షరాల మెసేజ్ తగిలించి, టెస్టింగ్‌కి పంపేస్తాం. ఆ మెసేజ్ చదివేది ఎవరు, చదివాక ఏం చెయ్యాలి అన్న ప్రశ్న రివ్యూలో ఎవరూ అడగరు.

చదివేది ఎవరంటే, ఎక్కడో ఊళ్ళో కూర్చుని వీసా ఫారమో ఇన్సూరెన్సు ఫారమో నింపుతున్న ఒక పెద్దాయన కావచ్చు. "ఇన్వాలిడ్ ఇన్‌పుట్" అని కనబడగానే అమెరికాలో ఉన్న కొడుక్కి ఫోన్ చేసి, "నేనేం తప్పు చేశాన్రా?" అని అడుగుతాడు. చాలాసార్లు ఆయన ఏ తప్పూ చేసి ఉండడు. అందుకే ఎర్రర్ మెసేజ్ రాసే ముందు మనం తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది: అసలు ఈ తప్పు ఎవరిది? దీనికి వచ్చే జవాబును బట్టి ఫారాల్లో వచ్చే ఎర్రర్లను మూడు రకాలుగా విడగొట్టవచ్చు.

మొదటి రకం: అసలు తప్పే కానివి

క్రెడిట్ కార్డు మీద నంబరు ఎలా ముద్రిస్తారో చూడండి. వీసా కార్డుకైతే 16 అంకెలు, నాలుగేసి చొప్పున నాలుగు గుంపులు. అమెరికన్ ఎక్స్‌ప్రెస్‌కైతే 15 అంకెలు, 4-6-5 చొప్పున. కంటికి తేలిగ్గా ఉండటానికే ఆ ఖాళీలు. యూజర్ కార్డు చూస్తూ, ఖాళీలతో సహా అలాగే టైపు చేస్తాడు. మన ఫారం ఏమంటుంది? "స్పేసులు, డాష్‌లు లేకుండా అంకెలు మాత్రమే ఎంటర్ చెయ్యండి." ఆ స్పేసులు తీసెయ్యడానికి ఒక్క లైను కోడ్ చాలు. ఈ మెసేజ్ రాయడానికి పట్టినంత సేపు కూడా పట్టదు!

ఫోన్ నంబర్లలో బ్రాకెట్లు, చుక్కలు. ఈ-మెయిల్ చివర కాపీ చేసేటప్పుడు అంటుకున్న స్పేసు. కూపన్ కోడ్‌లో చిన్న అక్షరాలు, పెద్ద అక్షరాలు... ఇవన్నీ ఈ కోవలోవే. 1980లో టిసిపి ప్రమాణ పత్రం (ఆర్.ఎఫ్.సి. 761) రాసిన జాన్ పోస్టెల్ అందులో ఒక సూత్రం పెట్టాడు. మనం పంపేది కచ్చితంగా ఉండాలి, ఎదుటివాళ్ళు పంపినదాన్ని ఉదారంగా తీసుకోవాలి అని దాని సారాంశం. నెట్‌వర్క్ ప్రోటోకాల్స్ విషయంలో ఈ సూత్రం మీద తర్వాత చాలా వాదోపవాదాలు జరిగాయి గానీ, మనుషులు నింపే ఫారాలకు మాత్రం అది చక్కగా సరిపోతుంది.

అయితే దీనికీ ఒక హద్దుంది. సరిచేస్తే అర్థం మారకపోతే మనమే సరిచెయ్యాలి, మారే అవకాశం ఉంటే అడగాలి. కార్డు నంబరులో స్పేసు తీస్తే అర్థం మారదు. కానీ 04/05 అని రాస్తే? అమెరికాలో అది ఏప్రిల్ 5, ఇండియాలో మే 4. ఇక్కడ ఊహించడం ప్రమాదం. నెల పేరు అక్షరాల్లో చూపించి యూజర్ చేత అవుననిపించుకోవాలి. అలాగే పాస్‌వర్డ్ చివరి స్పేసును చెప్పకుండా కత్తిరించడం, పేరులోని అక్షరాలన్నీ మన ఇష్టం వచ్చినట్టు పెద్దవీ చిన్నవీ చెయ్యడం కూడా కూడదు.

రెండో రకం: తప్పు మనదైనవి

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నట్టు, ప్రోగ్రామర్ తనకు తెలిసిన ప్రపంచాన్నే రూల్‌గా రాసి, అందులో ఇమడనివాళ్ళందర్నీ "ఇన్వాలిడ్" అంటాడు. దీనికి పేర్లను మించిన ఉదాహరణ లేదు. ఈ బాధ మన తెలుగువాళ్ళకు తెలిసినంతగా మరొకరికి తెలియదేమో!

పి.వి. నరసింహారావు గారినే తీసుకోండి. పాములపర్తి ఇంటిపేరు, వెంకట నరసింహారావు పేరు. ఫస్ట్ నేమ్, మిడిల్ నేమ్, లాస్ట్ నేమ్ అని మూడు పెట్టెలిస్తే ఏది ఎక్కడ రాయాలి? ఇంటిపేరును పొడి అక్షరంగా వాడే అలవాటున్నవాళ్ళు లాస్ట్ నేమ్‌లో "పి" అని రాస్తే, "కనీసం రెండక్షరాలుండాలి" అని ఎర్రర్. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్ళ సంగతి ఇంకా ఘోరం. అమెరికా వీసా ఫారం డి.ఎస్.-160 పద్ధతి ప్రకారం, పేరు ఒక్క భాగంగానే ఉంటే అది ఇంటిపేరు గడిలోకి వెళ్ళి, అసలు పేరు గడిలో "ఎఫ్.ఎన్.యు." అంటే "ఫస్ట్ నేమ్ అన్‌నోన్" అని పడుతుంది. ఆ మూడక్షరాలు వీసాతో ఆగవు. అక్కణ్ణించి డ్రైవింగ్ లైసెన్సుకీ, జీతం చెక్కుకీ, బ్యాంకు అకౌంటుకీ పాకుతాయి. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకు 2022 నవంబరు గుర్తుండే ఉంటుంది. పాస్‌పోర్టులో ఒకే పేరున్న ప్రయాణికులను సందర్శక వీసాల మీద అనుమతించబోమని యు.ఎ.ఇ. ప్రకటించడంతో టికెట్లు కొనుక్కున్నవాళ్ళు కంగారుపడ్డారు. పాస్‌పోర్టు రెండో పేజీలో తండ్రి పేరో ఇంటిపేరో ఉంటే చాలని ఆ తర్వాత వివరణ వచ్చింది. పేరుకు రెండు గళ్ళు కచ్చితంగా ఉండాలన్న ఊహ ఎంత దూరం వెళ్ళగలదో చెప్పడానికే ఇదంతా.

పేర్ల గురించి ప్రోగ్రామర్లకుండే అపోహలన్నిటినీ ప్యాట్రిక్ మెకెంజీ 2010లో ఒక పెద్ద జాబితాగా రాశాడు. ఇప్పటికీ చదవదగ్గ వ్యాసం అది. క్రిస్టొఫర్ నల్ అనే టెక్నాలజీ రచయిత, తన ఇంటిపేరును కంప్యూటర్లు "ఏమీ లేదు" అని అర్థం చేసుకోవడం వల్ల పడే పాట్లను 2015లో వైర్డ్ పత్రికలో చెప్పుకున్నాడు. 2013లో హవాయిలో ఒకావిడ ఇంటిపేరు, డ్రైవింగ్ లైసెన్సుకున్న 35 అక్షరాల హద్దులో పట్టలేదు. ఆవిడ పేరు కుదించుకోలేదు, ప్రభుత్వమే హద్దును 40కి పెంచింది. న్యాయం కూడా అదే కదా.

డబ్ల్యూ3సి అంతర్జాతీయీకరణ విభాగం సలహా చాలా సింపుల్‌గా ఉంటుంది. వీలైతే పూర్తి పేరుకు ఒకే గడి ఇవ్వండి, అవసరమైతే "మిమ్మల్ని ఎలా పిలవమంటారు?" అని ఇంకో గడి ఇవ్వండి. ఇంటిపేరు విడిగా కావాలంటే, అది ఎందుకు కావాలో ముందు మీకు మీరే చెప్పుకోండి.

పేరును తెలుగులోనే తీసుకునే ఫారం రాస్తున్నారా? అయితే ఒక తమాషా చూడండి. "ఎ నుంచి జెడ్ దాకా" అన్న పాత రూల్ తీసేసి, రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో యూనికోడ్ "లెటర్" వర్గాన్ని వాడితే ఏ భాషకైనా సరిపోతుందని చాలామంది అనుకుంటారు. అలా చేస్తే "కమల" పాసవుతుంది, "సీత" ఫెయిలవుతుంది! కారణం ఏమిటంటే, యూనికోడ్‌లో హల్లులు, అచ్చులు లెటర్ వర్గంలో ఉన్నాయి గానీ గుణింతపు గుర్తులు, సున్న, పొల్లు అన్నీ "మార్క్" వర్గంలో ఉన్నాయి. "కమల"లో గుర్తులు లేవు, "సీత"లో దీర్ఘం ఉంది. కాబట్టి రెండు వర్గాలనూ అనుమతించాలి. "రాజ్‌కుమార్" అన్న పేరులో పొల్లు తర్వాత కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ కూడా ఉంటుంది. అది ఈ రెండింటిలోనూ లేదు, మూడో వర్గం. పొడవు లెక్క కూడా ఇలాంటిదే. "కృష్ణ" కంటికి రెండక్షరాలు, యూనికోడ్‌లో 5 కోడ్ పాయింట్లు, యుటిఎఫ్-8లో 15 బైట్లు. డేటాబేస్ కాలమ్ బైట్లలో కొలుస్తుంటే మీ 30 గుర్తుల హద్దు తెలుగులో 10 గుర్తులే అవుతుందన్నమాట.

పేర్ల తర్వాత చిరునామాలు. ఎడిసన్‌లో ఉండే మనవాళ్ళ జిప్ కోడ్‌లలో 08820 ఒకటి. దాన్ని ఎవరో నంబరుగా దాస్తే ముందున్న సున్నా ఎగిరిపోయి 8820 అవుతుంది. ఆ తర్వాత అదే ప్రోగ్రాం "జిప్ కోడ్ 5 అంకెలుండాలి" అని యూజర్ మీదే ఎర్రర్ వేస్తుంది! ఇండియా పిన్ కోడ్‌కు 6 అంకెలు. యు.ఎ.ఇ.లోనైతే పోస్టల్ కోడ్ అనేదే లేదు. అక్కడివాళ్ళు ఆ గడి దాటడానికి సున్నాలో, నోటికొచ్చిన అంకెలో వేసి ముందుకెళ్తారు. అంటే చెత్త డేటా రాకూడదని పెట్టిన రూలే చెత్త డేటాను పుట్టించింది.

మూడో రకం: యూజర్ నిజంగా పొరబడినవి

ఇప్పుడు అసలు ఎర్రర్ మెసేజ్ అవసరమైన చోటికి వచ్చాం. కార్డు నంబరులో ఒక అంకె తప్పు పడిందనుకోండి. ఐ.బి.ఎం.లో పనిచేసిన హాన్స్ పీటర్ లూన్ 1954లో పేటెంటుకు పెట్టిన పద్ధతితో దాన్ని సర్వర్ దాకా పోకుండానే పట్టుకోవచ్చు. కుడి నుంచి ఎడమకు లెక్కబెడుతూ ప్రతి రెండో అంకెనూ రెట్టింపు చేసి, 9 దాటితే 9 తీసేసి, అన్నీ కూడితే మొత్తం 10తో నిశ్శేషంగా భాగించబడాలి. ఒక అంకె మారినా, 0-9 జంట తప్ప పక్కపక్క అంకెలు ఏవి తారుమారైనా ఇది పట్టేస్తుంది. ఆధార్ నంబరు చివరి అంకెకు వాడే వెర్‌హాఫ్ పద్ధతి ఆ ఒక్క జంటను కూడా వదలదు. ఇంత కచ్చితంగా తెలిసినప్పుడు "ఇన్వాలిడ్ కార్డ్" అనడం దేనికి? "కార్డు నంబరులో ఏదో అంకె తేడా పడినట్టుంది. కార్డుతో మరోసారి సరిచూడండి" అంటే సరిపోతుంది కదా.

మంచి మెసేజ్‌లో మూడు విషయాలుండాలి: ఏమైంది, ఎక్కడ, ఇప్పుడేం చెయ్యాలి. కొన్ని మచ్చుతునకలు:

"ఇన్వాలిడ్ డేట్" అనే బదులు: "బయల్దేరే తేదీ జూన్ 12, తిరిగొచ్చే తేదీ జూన్ 2 అని ఉంది. తిరిగొచ్చే తేదీ మార్చండి."

"అప్‌లోడ్ ఫెయిల్డ్" అనే బదులు: "ఈ ఫోటో సైజు 6 ఎం.బి. ఉంది. 2 ఎం.బి. లోపు ఉన్న ఫోటో ఎంచుకోండి."

"ఎర్రర్ 500" అనే బదులు: "ఇబ్బంది మా వైపే వచ్చింది. మీరు నింపినదంతా సేవ్ అయింది. కాసేపాగి మళ్ళీ ప్రయత్నించండి." (నిజంగా సేవ్ అయితేనే సుమా!)

1982లోనే బెన్ ష్నైడర్మన్ కంప్యూటర్ మెసేజ్‌ల మీద రాస్తూ, "ఫేటల్", "ఇల్లీగల్" వంటి బెదిరింపు మాటలు మానమన్నాడు. బ్రిటన్ ప్రభుత్వపు డిజైన్ సిస్టమ్ ఇంకో అడుగు ముందుకేసి "ఇన్వాలిడ్" అన్న మాటే వద్దంటుంది. హాస్యం, "అయ్యో" లాంటివి కూడా వద్దంటుంది. కంగారులో ఉన్నవాడికి జోకులు చిరాకే కదా.

మెసేజ్ ఎప్పుడు చూపించాలన్నది మరో ముఖ్యమైన విషయం. 2009లో ల్యూక్ రోబ్లెవ్‌స్కీ 22 మంది యూజర్లతో ఒక పరీక్ష చేయించాడు. చివర్లో అన్ని ఎర్రర్లూ ఒకేసారి చూపే ఫారంతో పోలిస్తే, గడిగడికీ వెంటనే చెప్పే ఫారాల్లో బాగా పనిచేసినదాంతో, విజయవంతంగా పూర్తిచెయ్యడం 22 శాతం పెరిగింది, పట్టే సమయం 42 శాతం తగ్గింది. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. టైపు చేస్తుండగానే తప్పు తప్పు అనే ఫారం మీద వాళ్ళు విసుక్కున్నారు. ఈ-మెయిల్‌లో రెండక్షరాలు కొట్టగానే "సరైన ఈ-మెయిల్ ఇవ్వండి" అంటే ఎవరికైనా ఒళ్ళు మండదూ? ఎదుటివాణ్ణి మాట పూర్తి చెయ్యనివ్వడం మర్యాద. కాబట్టి యూజర్ గడి వదిలి వెళ్ళాక చెప్పండి. ఒకసారి ఎర్రర్ చూపించాక మాత్రం, సరిచేసిన మరుక్షణం దాన్ని తీసెయ్యండి.

ఎక్కడ చూపించాలి? గడి పక్కనే. ఫారం పొడుగ్గా ఉంటే పైన కూడా ఒక జాబితా పెట్టి, ఒక్కో ఎర్రర్ నొక్కితే ఆ గడికి వెళ్ళేట్టు లింకులివ్వాలి. మూడు సెకన్లు కనబడి మాయమైపోయే మెసేజ్‌లు ఫారాలకు పనికిరావు. గడిని ఎర్రగా చేసి ఊరుకుంటే రంగుల తేడా తెలియనివాళ్ళకు ఏమీ కనబడదు. స్క్రీన్ రీడర్ వాడేవాళ్ళ కోసం మెసేజ్‌ని "ఏరియా-డిస్క్రైబ్డ్‌బై"తో గడికి ముడిపెట్టాలి, గడికి "ఏరియా-ఇన్వాలిడ్" పెట్టాలి. ఇవేవో అదనపు సొగసులు కావు. తప్పును అక్షరాల్లో చెప్పాలనీ, తెలిస్తే పరిష్కారం సూచించాలనీ 2008 డిసెంబరులో వచ్చిన డబ్ల్యూ.సి.ఎ.జి. 2.0 ప్రమాణమే చెప్పింది.

అన్నిటికంటే ముఖ్యం, నింపినదాన్ని పోగొట్టకండి. ఒక గడిలో తప్పుందని నలభై గళ్ళు ఖాళీ చెయ్యడం గోరుచుట్టు మీద రోకటిపోటే. డి.ఎస్.-160లో 20 నిమిషాలు కదలిక లేకపోతే సెషన్ ముగిసిపోతుంది. అయితే మొదట్లోనే అప్లికేషన్ ఐ.డి. ఇచ్చి రాసిపెట్టుకోమంటుంది, దాంతో సేవ్ అయినంతవరకూ తిరిగి తెరవవచ్చు. పెద్ద ఫారం ఏదైనా ఈపాటి దారి ఉంచాలి. డబ్బు కట్టే ఫారాలకైతే ఇంకో జాగ్రత్త కావాలి. జవాబు రాక యూజర్ బటన్ రెండోసారి నొక్కినా డబ్బు ఒకసారే కట్ అయ్యేట్టు, ప్రతి లావాదేవీకీ ఒక ప్రత్యేక సంఖ్య పంపి సర్వర్‌లో సరిచూడాలి. "దయచేసి రెండుసార్లు నొక్కకండి" అన్నది పరిష్కారం కాదు, ప్రార్థన!

అడుసు తొక్కనేల?

అసలు ఎర్రర్ రాకుండా చూడటం అన్నిటికన్నా మేలు. పాస్‌వర్డ్ నియమాలు తప్పయ్యాక కాదు, ముందే చూపించాలి. తేదీకి నమూనా ఇవ్వాలి. పుట్టినతేదీ కోసం క్యాలెండర్‌లో అరవై ఏళ్ళు వెనక్కి నొక్కించకుండా రోజు, నెల, సంవత్సరం మూడు గళ్ళివ్వాలి. 2014లో డబ్ల్యూ3సి ప్రమాణంగా ఖరారైన హెచ్.టి.ఎం.ఎల్.5లో ఈ-మెయిల్, ఫోన్ నంబర్ల కోసం ప్రత్యేక రకాలున్నాయి. వాడితే సెల్‌ఫోన్‌లో తగిన కీబోర్డు తెరుచుకుంటుంది.

అవసరం లేని ప్రశ్న అడక్కపోవడం ఇంకా మేలు. ఎక్స్‌పీడియా వాళ్ళు 2010లో చెప్పిన సంగతి ఒకటుంది. పేమెంటు ఫారంలో "కంపెనీ" అన్న ఐచ్ఛికమైన గడి ఉండేది. కొంతమంది అందులో తమ బ్యాంకు పేరు రాసి, తర్వాత చిరునామా గళ్ళలో ఆ బ్యాంకు చిరునామా ఇచ్చేవారు. దాంతో అడ్రస్ వెరిఫికేషన్ ఫెయిలయ్యేది. ఆ ఒక్క గడి తీసేస్తే ఏడాదికి కోటీ ఇరవై లక్షల డాలర్ల లాభం పెరిగిందట. వాలిడేషన్ కోడ్‌లో ఏ లోపమూ లేదు, అడిగిన ప్రశ్నే తేడా.

సెక్యూరిటీ మాటేమిటి?

"ఇంత ఉదారంగా ఉంటే హ్యాకర్లు ఊరుకుంటారా?" అని మీలో కొందరికి సందేహం రావచ్చు. బ్రౌజర్‌లో చేసే వాలిడేషన్ యూజర్ సౌకర్యం కోసమే, దాన్ని దాటి రావడం ఎవరికైనా చిటికెలో పని. రక్షణంతా సర్వర్‌లోనే ఉండాలి. ఎస్.క్యు.ఎల్. ఇంజెక్షన్ భయంతో పేర్లలో అపాస్ట్రఫీని నిషేధిస్తే ఒబ్రయన్లూ, డిసౌజాలూ బయట నిలబడతారు. ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్స్ వాడితే ఆ నిషేధం అవసరమే లేదు. లాగిన్‌లో మాత్రం కావాలని కాస్త అస్పష్టంగా ఉండాలి. "పాస్‌వర్డ్ తప్పు" అంటే ఆ పేరుతో అకౌంటు ఉందని దొంగకు చెప్పినట్టే. "యూజర్‌నేమ్ గానీ పాస్‌వర్డ్ గానీ సరిపోలేదు" అని, పక్కనే పాస్‌వర్డ్ మార్చుకునే దారి చూపించాలి. ఒక పెద్దక్షరం, ఒక అంకె, ఒక ప్రత్యేక గుర్తు లాంటి పాస్‌వర్డ్ నిబంధనలు వద్దనీ, పేస్ట్ చెయ్యనివ్వమనీ అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే చెప్పింది. ఇంకా అవి పెడుతున్నవాళ్ళు ఎవరి కోసం పెడుతున్నట్టో!

సోమవారం ఆఫీసుకెళ్ళాక

ఇవన్నీ ఒక్కరోజులో జరిగేవి కావు. మొదలుపెట్టడానికి నాలుగు పనులు:

1. ఏ గడిలో ఏ ఎర్రర్ ఎన్నిసార్లు వస్తోందో లాగ్ చెయ్యండి. యూజర్ రాసిన విలువలు కాదు, లెక్క మాత్రమే. ఒక రూల్ దగ్గర చాలామంది ఆగిపోతున్నారంటే ముందు ఆ రూల్‌నే అనుమానించండి.

2. మీ ప్రాజెక్టులోని ఎర్రర్ మెసేజ్‌లన్నీ ఒక చోట చేర్చి పైకి చదవండి. కౌంటర్‌లో మనిషి అలా మాట్లాడితే మీరు ఊరుకుంటారా?

3. టెస్ట్ డేటాలో "జాన్ స్మిత్" ఒక్కడే ఉంటే, తోడుగా నందమూరి తారక రామారావునీ, ఒక్కక్షరం ఇంటిపేరునీ, ఇంటిపేరే లేని మనిషినీ, అపాస్ట్రఫీనీ, 08820నీ చేర్చండి.

4. కంప్యూటర్ రంగం కాని ఒకరి చేత ఫారం నింపించి, మీరు నోరు మూసుకుని పక్కన కూర్చోండి. వాళ్ళు ఆగిన ప్రతి చోటూ రాసుకోండి.

మన రూల్స్‌లో ఇమడక వెనక్కి వెళ్ళిపోయినవాళ్ళు కంప్లయింట్ రాయరు, బగ్ రిపోర్టూ పెట్టరు. తమకే చేతకాలేదనుకుని ఊరుకుంటారు. ఆ పేరుల్లో కొన్ని మన పేర్లే, మన అమ్మానాన్నల పేర్లే. దేశదేశాల్లో ఎన్నో ఫారాలకు కోడ్ రాస్తున్న తెలుగువాళ్ళు ఇంతమందిమి ఉన్నాం. "ఇన్వాలిడ్" అనిపించుకోవడం ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళం కాబట్టి, ఇంకొకర్ని ఆ మాట అనేముందు ఒక్క క్షణం ఆగడం మనకు మరీ అంత కష్టం కాకూడదు.